స్కేల్ మోడల్ విమానాల కెనోపీ: మాస్కింగ్, రంగు, అతికింపు

మోడల్ విమానాన్ని చేతిలోకి తీసుకున్న ఎవరైనా మొదట కాక్‌పిట్‌లోకే తొంగిచూస్తారు. రెక్కల మీద రంగు ఎంత నున్నగా కుదిరినా, కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) ఫ్రేముల, అంటే అద్దపు పలకల మధ్య చట్రాల, అంచులు వంకర్లు పోతేనో, అద్దం మీద తెల్లటి మసక కమ్మితేనో చూపు అక్కడే ఆగిపోతుంది. ఈ పనిలో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టుకునేది పట్టుమని పావుగంట. మిగతాదంతా మాస్కింగ్, అంటే రంగు పడకూడని అద్దాన్ని టేపుతో కప్పడం. టేపు అంచు అద్దాన్ని ఎంత బాగా పట్టుకుంది, పూతలు ఏ వరసలో పడుతున్నాయి అన్నదాన్ని బట్టి ఫలితం అంతకు ముందే ఖాయమైపోతుంది. అందుకే ఇక్కడ రంగు చిమ్మడం కన్నా టేపు గురించే ఎక్కువ చెబుతున్నాం.

స్ప్రూ నుంచి విడదీయడం

కిట్ భాగాలన్నీ స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. కిట్‌లో బూడిద రంగు భాగాలకు వాడే పాలీస్టైరీన్‌లో సాధారణంగా రబ్బరు కలుపుతారు. అందుకే అది కాస్త వంగుతుంది, నిప్పర్ నొక్కుకు ఓర్చుకుంటుంది. పారదర్శక భాగాలకు వాడేది ఏమీ కలపని పాలీస్టైరీన్, బాగా పెళుసు. భాగానికి ఆనించి నిప్పర్‌తో నొక్కితే ఆ ఒత్తిడి గేటులోంచి (భాగాన్ని స్ప్రూకు కలిపే సన్నని కాడ) అద్దంలోకి పాకి, నెలవంక ఆకారంలో వెండిలా మెరిసే పగులు పడుతుంది. అది ఉపరితలం మీద గీత కాదు, లోపలి చీలిక. ఎంత పాలిష్ పట్టినా పోదు.

కాబట్టి నిప్పర్‌ను భాగానికి కనీసం 3-4 మి.మీ. దూరంలో పెట్టి స్ప్రూ చట్రాన్నే ముక్కలుగా కత్తిరించండి. కెనోపీకి అంటుకుని మిగిలిన మొండాలను సన్నని పళ్ల రేజర్ రంపంతో, బరువు వేయకుండా, రంపం తనంతట తాను దిగేలా కోయండి. అర మిల్లీమీటరు వదిలేసి, ఆ కాస్తను 600, తర్వాత 1000 నంబర్ వాటర్ పేపర్‌తో అరగదీయండి. తర్వాత గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బుతో కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. ఇక్కడి నుంచి వేళ్లతో అంచులే పట్టుకోవాలి. చేతి జిడ్డు ఉన్నచోట టేపు సరిగా అంటదు, రంగు సరిగా పట్టదు.

విడదీసిన వెంటనే కెనోపీని విమానం మీద పెట్టి అమరిక చూడండి. కింద సందులు, వెడల్పు తేడాలు, విండ్‌స్క్రీన్ దగ్గర మెట్టు ఏమున్నా సరిచేయాల్సింది ఇప్పుడే. మాస్కింగ్ అంతా అయ్యాక కెనోపీ అంచు అరగదీయాల్సి వస్తే చేసిన పనంతా నేల పాలవుతుంది.

బుడగ కెనోపీ మీద నడి గీత

ఎఫ్-16 లాంటి జెట్‌ల కెనోపీ మధ్యలో ఉబ్బి, కింది అంచు దగ్గర లోపలికి ముడుచుకుంటుంది. ఆ ఆకారాన్ని యథాతథంగా పోయాలంటే బయటి అచ్చును రెండు సగాలుగా చేసి పక్కలకు లాగాలి. ఆ సగాలు కలిసిన చోట కెనోపీ నడినెత్తిన పొడవునా సన్నని గీత మిగులుతుంది. అది కిట్ లోపం కాదు, సరైన ఆకారానికి చెల్లించే మూల్యం.

కొత్త బ్లేడు వీపును గీతకు నిలువుగా పట్టి మెల్లగా గీకితే గట్టు లేచిపోతుంది. ఆ తర్వాత 1000, 1500, 2000 నంబర్ వాటర్ పేపర్లు, నీళ్లతో తడిపి. ఆపైన మైక్రో-మెష్ గుడ్డలు 3200 నుంచి 12000 దాకా, చివర పాలిషింగ్ కాంపౌండ్. ప్రతి నంబరుకూ రుద్దే దిశ మార్చండి. ఒకసారి పొడుగ్గా, మరోసారి అడ్డంగా రుద్దితే ముందటి నంబరు గీతలన్నీ పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. నంబరు దాటేస్తే ముందటి గీతలు అలాగే ఉండిపోతాయి, చివర మెరుపు వచ్చాకగానీ కనబడవు. మధ్యలో అద్దం పాలలా తెల్లబడి గుండె గుభేలుమంటుంది. కంగారు పడక్కర్లేదు, 4000 దాటేసరికి మళ్లీ తేటపడుతుంది. రుద్దేటప్పుడు కెనోపీ లోపల మెత్తటి నురుగు ముక్క దూర్చి పట్టుకుంటే నొక్కుకు విరగదు.

పారదర్శక పూతలో ముంచడం

కెనోపీని మెరుపు యాక్రిలిక్ పూతలో ముంచి తీయడం మోడలర్లలో పాత అలవాటు. ఒకప్పుడు ఇందుకు ఫ్యూచర్ అనే ఫ్లోర్ పాలిష్ వాడేవారు. అది ఇప్పుడు సులువుగా దొరకదు కనుక ఏకే గాజీ ఏజెంట్ లాంటివి దాని స్థానంలోకి వచ్చాయి. ముంచి, మెల్లగా పైకి తీసి, కింది అంచును టిష్యూ కాగితానికి ఆనిస్తే అదనపు ద్రవం పీల్చుకుంటుంది. వెంటనే మూతపెట్టి దుమ్ము పడకుండా 48 గంటలు వదిలేయండి.

దీనివల్ల సన్న గీతలు కనబడకుండా పోతాయి, సూపర్ గ్లూ ఆవిరి నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. చిక్కులూ ఉన్నాయి. చెక్కుడు గీతలతో ఉన్న సన్నని ఫ్రేములు పూతతో నిండిపోయి, టేపు కోసేటప్పుడు దారి చూపడం మానేస్తాయి. పూత పూర్తిగా ఆరకముందే టేపు వేస్తే టేపుతో పాటు పొరలా లేచి వస్తుంది. అమ్మోనియా ఈ పూతను కరిగిస్తుంది కాబట్టి అమ్మోనియా వాసన వచ్చే లేటెక్స్ లిక్విడ్ మాస్కులు (పూస్తే ఆరి, తర్వాత పొరలా ఊడివచ్చే ద్రవాలు), అద్దాలు తుడిచే ద్రవాలు దీని జోలికి రాకూడదు. కిట్ అద్దం సహజంగానే తేటగా ఉంటే ముంచకపోవడమే మేలని మా అభిప్రాయం. గీతలున్న అద్దానికైతే తప్పక ముంచండి.

పూతల వరస

ఫ్రేము లోపలివైపు కాక్‌పిట్ రంగులో ఉంటుంది, బయటివైపు విమానం రంగులో ఉంటుంది. లోపల విడిగా మాస్క్ చేసి రంగు వేయడం కష్టం, చాలాసార్లు అనవసరం. అద్దం పారదర్శకం కదా, బయటి నుంచి వేసిన మొదటి పూతే లోపలి నుంచి చూస్తే కనిపిస్తుంది. అందుకే మాస్క్ చేశాక ఫ్రేముల మీద మొట్టమొదట పడాల్సింది లోపలి రంగు.

రెండో ప్రపంచ యుద్ధం నడుమ నుంచి వచ్చిన జర్మన్ విమానాలకైతే ఆర్‌ఎల్‌ఎం 66 (జర్మన్ వైమానిక శాఖ రంగు నంబరు) ముదురు బూడిద, అమెరికన్ విమానాలు చాలావాటికి ఇంటీరియర్ గ్రీన్, బ్రిటిష్ వాటికి గ్రే-గ్రీన్. ఫాంటమ్, టామ్‌క్యాట్ లాంటి జెట్‌లలో లోపలి ఫ్రేము నలుపు. కిట్ సూచనల కాగితాన్ని గుడ్డిగా నమ్మకుండా మీరు చేస్తున్న విమానం ఫొటో ఒక్కటైనా చూడండి.

లోపలి రంగు మీద ప్రైమర్ (పై రంగుకు ఆధారంగా వేసే పూత), దాని మీద బయటి రంగు. మధ్యలో ప్రైమర్ ఎందుకంటే సన్నని ఫ్రేము మీద రెండు పలచటి పూతలు వెలుతురును ఆపలేవు. కాక్‌పిట్‌లో పడే వెలుగు ఫ్రేములోంచి తొంగిచూస్తే మోడల్ బొమ్మలా కనబడుతుంది. మిస్టర్ ఫినిషింగ్ సర్ఫేసర్ 1500 నలుపు లాంటి ప్రైమర్ ఒక్క పలచటి పూతలోనే వెలుతురును కట్టేస్తుంది. లోపలి రంగే నలుపైతే ఈ ఒక్క పూత రెండు పనులూ చేస్తుంది. ప్రైమర్ ఆరాక కెనోపీని బల్బుకు ఎదురుగా పట్టి చూడండి. ఫ్రేములో ఎక్కడైనా కాంతి మరకలు కనిపిస్తే అక్కడ ఇంకో పొర.

మొదటి పూత మరో మేలూ చేస్తుంది. టేపు అంచు కింద ఎక్కడైనా వెంట్రుక వాసి సందుంటే ఆ సందును ఇదే పూడ్చేస్తుంది, తర్వాతి పూతలు కారవు. కారినా కారింది లోపలి రంగే కాబట్టి బయటి రంగుతో పోలిస్తే కంటికి తక్కువగా ఆనుతుంది.

ఏ టేపు, ఏ బ్లేడు

జపాన్ వాషీ కాగితంతో చేసిన పసుపు పచ్చ మాస్కింగ్ టేపు, అంటే తమియా రకం, ఈ పనికి ప్రామాణికం. పలచన, కొద్దిగా సాగుతుంది, జిగురు మిగల్చదు. గోడల పెయింటర్లు వాడే ముడతల కాగితపు టేపు దీనికి పనికిరాదు. దాని అంచే గరుకుగా ఉంటుంది, ముడతల సందుల్లోంచి రంగు కారుతుంది. తమియావే వంపుల కోసం తెల్లటి సాగే టేపులూ ఉన్నాయి. అవి వంపు తిరుగుతాయి కానీ లాగి అతికిస్తే కొంతసేపటికి వెనక్కు ముడుచుకుంటాయి. లాగకుండా, తన బరువుతో తాను పడుకునేలా పరచాలి.

కొత్త చుట్టలోనైనా టేపు పక్క అంచును నేరుగా వాడకండి. ఆ అంచుకు దుమ్ము, నూగు పట్టి ఉంటాయి. టేపును గాజు పలక మీద అతికించి, స్టీలు స్కేలు పెట్టి, అంచు నుంచి ఒక మిల్లీమీటరు కోసి పారేయండి. ఆ కొత్త అంచు నుంచి 1 మి.మీ., 0.5 మి.మీ. పట్టీలు కోసుకోండి. ఇక్కడ కొలతలు ఎంత చిన్నవో లెక్కేసుకుంటే జాగ్రత్త దానంతటదే వస్తుంది: అసలు విమానంలో 25 మి.మీ. వెడల్పున్న ఫ్రేము 1/32 స్కేలు మోడల్‌లో 0.78, 1/48లో 0.52, 1/72లో 0.35 మి.మీ. మాత్రమే. 1/72లో టేపు 0.1 మి.మీ. పక్కకు జరిగితే ఫ్రేము వెడల్పులో మూడో వంతు దాకా మారిపోతుంది.

బ్లేడు 11వ నంబరుది. ఒక కెనోపీకి రెండు మూడు బ్లేడ్లు ఖర్చవుతాయని ముందే అనుకోండి. మొద్దుబారిన మొన టేపును కోయదు, ముందుకు నెట్టి చింపుతుంది. అప్పుడు మీరు తెలియకుండానే చేతి బరువు పెంచుతారు, బ్లేడు అద్దంలోకి దిగుతుంది. కొత్త మొనకు బ్లేడు బరువే చాలు. ఒక్క కోతలో తెగాలని చూడకండి. ఒకే దారిలో రెండుసార్లు తేలిగ్గా లాగండి.

ఒక్కో పలకకు టేపు వేయడం

బీఎఫ్ 109 కెనోపీలాగా చదునైన పలకలున్నది మొదటి ప్రయత్నానికి అనువైనది. ఒక పక్క పలకను తీసుకుందాం. 1 మి.మీ. పట్టీని ట్వీజర్‌తో పట్టి, కొత్తగా కోసిన అంచు ఫ్రేము గట్టు మొదలును తాకేలా, పలక లోపలివైపు పరచండి. చెక్కిన టూత్‌పిక్ మొనతో ఆ అంచు వెంట నొక్కుతూ పోండి. వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టుకుని చూస్తే, అద్దానికి పూర్తిగా అంటుకున్న చోట టేపు కాస్త ముదురు పసుపుకు తిరుగుతుంది, గాలి ఉన్నచోట లేతగా ఉండిపోతుంది. అంచు పొడవునా ఆ ముదురు గీత తెగకుండా కనబడాలి. ఎక్కడ లేతగా ఉందో అక్కడే రంగు కారుతుంది.

పట్టీ చివర మూలలో ఫ్రేము ఎక్కకూడదు, మూలకు చేరకుండానూ ఉండకూడదు. కాస్త పొడుగ్గా వేసి, మూలలో బ్లేడు మొన గుచ్చి, నిలువుగా నొక్కి తెంపండి. ఇలా నాలుగు వైపులా పట్టీలు పడ్డాక మధ్యలో మిగిలిన ఖాళీని ఏ ఆకారపు టేపు ముక్కతోనైనా కప్పేయొచ్చు. కచ్చితత్వం అంచులకే కావాలి. పట్టీలు ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట చిన్న సొరంగం మిగులుతుంది, దాన్ని టూత్‌పిక్‌తో అణచండి. లేదా అక్కడ చుక్క లిక్విడ్ మాస్క్ పెట్టండి.

గుండ్రటి మూలలున్న పలకలకు ఒక చక్కటి ఉపాయముంది. మూల వంపుకు సరిపోయే పంచ్‌తో టేపులో చిన్న బిళ్లలు కోసి, మూలకొకటి చొప్పున అతికించండి. బిళ్ల అంచు రెండు ఫ్రేములనూ తాకాలి. తర్వాత బిళ్లల మధ్య నేరు పట్టీలు. చేత్తో వంపు కోయడం కన్నా ఇది వేగం, నాలుగు మూలలూ ఒకేలా వస్తాయి.

రెండో పద్ధతి: పలక మొత్తానికి, ఫ్రేముల మీదికి కూడా వచ్చేలా ఒకే టేపు ముక్క వేసి, బాగా నొక్కి, ఫ్రేము అంచు వెంట అద్దం మీదే కోయడం. ఫ్రేములు గట్టుగానో గాడిగానో స్పష్టంగా ఉంటే ఇదే త్వరగా అవుతుంది, ఎందుకంటే గాడి బ్లేడుకు దారి చూపుతుంది. గట్టు మరీ లేతగా ఉన్న పాత కిట్లలో మాత్రం దీని జోలికి వెళ్లకండి, బ్లేడు జారి అద్దం మీదికి పోతుంది. వాటికి మూడో దారి మంచిది: టేపు పలక మీద వేసి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఫ్రేము అంచును టేపు మీద గీసి, టేపును తీసి గాజు పలక మీద అతికించి, స్కేలు పెట్టి కోసి, తిరిగి కెనోపీ మీద పెట్టడం.

పట్టీలన్నీ ఒకేరోజు వేయాలన్న నియమం లేదు. జీరో, డాంట్‌లెస్ లాంటి బోలెడు పలకల కెనోపీలకు వరసకు నాలుగైదు పలకలు వేసి లేవండి. కళ్లు అలిసిపోయాక వేసిన పట్టీలే చివర వంకరగా తేలతాయి. ఎదురెదురు పలకలను వెంటవెంటనే చేయండి, అటూ ఇటూ ఫ్రేము వెడల్పు సమానంగా వస్తుంది.

వంపు అద్దాలు

హీంకెల్ 111 ముక్కు, బీ-29 ముక్కు, బాంబర్ల తుపాకీ గుమ్మటాలు (టరెట్లు): ఇవి రెండు దిశల్లోనూ వంగుతాయి. వాటి మీద వెడల్పు టేపు ముడతపడక తప్పదు. 0.5 మి.మీ. పట్టీ మాత్రం ఏ వంపుకైనా లొంగుతుంది. అంచుల చుట్టూ అవి వేసి, మధ్యలో లిక్విడ్ మాస్క్ నింపండి. నొక్కిన టేపు ఇలాంటి చోట కొన్ని గంటల్లో తిరిగి లేస్తుంది కనుక రంగు చిమ్మే ముందు మళ్లీ ఒకసారి అంచులన్నీ నొక్కాలి. రాత్రి మాస్క్ చేసి పొద్దున నేరుగా రంగు వేస్తే ఎన్నో కెనోపీలు ఇక్కడే చెడతాయి.

వంపులకు బేర్-మెటల్ ఫాయిల్ కూడా చాలా బాగా పనిచేస్తుంది. ఈ పలచటి జిగురు రేకును కెనోపీ మీద పరచి ఇయర్ బడ్‌తో రుద్దితే ఫ్రేము గట్లు అచ్చుగుద్దినట్టు పైకి తేలతాయి. కొత్త బ్లేడుతో గట్టు మొదట్లో కోసి ఫ్రేము మీది రేకును ఊడదీయడమే. తీసేశాక అద్దం మీద జిగురు మిగులుతుంది, అది తెల్ల స్పిరిట్ (వైట్ స్పిరిట్, అంటే మినరల్ టర్పెంటైన్) అద్దిన ఇయర్ బడ్‌తో పోతుంది. పాతబడిన ఫాయిల్ సరిగా అంటదు, చిరుగుతుంది. పారాఫిల్మ్‌కు జిగురే లేదు. దాన్ని సాగదీసి, ఇంచుమించు రెట్టింపు పొడవయ్యాక అద్దం మీద పరచి నొక్కితే అలాగే పట్టుకుంటుంది, తీశాక ఏ మచ్చా ఉండదు. మెత్తన కాబట్టి బ్లేడు దాన్ని సులువుగా కోస్తుంది.

లిక్విడ్ మాస్క్‌ను ఫ్రేము అంచులకు వాడొద్దు. కుంచెతో పూసిన ద్రవం అంచు దగ్గర పలచబడి, తీసేటప్పుడు రంగును చిరుగులుగా లాగుతుంది. నడుమ నింపడానికే దాన్ని ఉంచండి, అదీ మందంగా. పలచగా పూస్తే ఒక్క ముక్కలో ఊడి రాదు. కుంచెను ముందు సబ్బు నీళ్లలో ముంచితే లేటెక్స్ వెంట్రుకల్లో గడ్డకట్టదు.

ముందే కోసి అమ్మే మాస్కుల సంగతి: ఎడ్వార్డ్‌వి పసుపు కాగితంతో, మాంటెక్స్‌వి వినైల్‌తో వస్తాయి. కాగితం వంపుల మీద నిలబడుతుంది. వినైల్ చదును పలకల మీద అంచు గీసినట్టు ఇస్తుంది కానీ వంపుల మీద లేవడానికి చూస్తుంది. పెద్ద వంపు పలకలకు ఎడ్వార్డ్ చాలాసార్లు అంచు పట్టీలు మాత్రమే ఇస్తుంది, నడుమ మీరు నింపాలి. మాస్కు పెట్టేటప్పుడు ఒక మూలను బ్లేడు మొనకు తగిలించి, ఎదుటి మూలను సరిచూసి, అప్పుడే నొక్కండి. ముప్పై పలకల బాంబర్‌కు ఇవి కొనడం సోమరితనం కాదు. సాదా కెనోపీకి మాత్రం చేత్తో కోయడం నేర్చుకోవాలి, ఎందుకంటే ప్రతి కిట్‌కూ మాస్కులు దొరకవు.

లోపలివైపు కప్పడం

బయటంతా మాస్క్ చేసి, లోపల తెరిచి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఎయిర్‌బ్రష్ గాలి కింది అంచును చుట్టి లోపలికి వెళ్లి అద్దం లోపలి ముఖం మీద పొడిలా రంగు చల్లుతుంది. కెనోపీ లోపల నురుగు ముక్క నింపి కింద టేపు కట్టండి. లేదా కెనోపీని రెండు మూడు చుక్కల తెల్ల జిగురుతో విమానం మీదే తాత్కాలికంగా నిలిపితే కాక్‌పిట్‌కూ అదే మూత అవుతుంది, ఫ్రేము రంగు, విమానం రంగు ఒకేసారి కలుస్తాయి. తర్వాత తడి ఇయర్ బడ్‌తో జిగురును నానబెట్టి ఊడదీయొచ్చు.

కెనోపీ తెరిచి చూపించేటప్పుడు లోపలి ఫ్రేము ముఖం నేరుగా కనబడుతుంది. అప్పుడు కూడా పూతల వరసే చాలావరకు పని కానిస్తుంది. మిగిలిన కింది అంచు మందాన్ని కుంచెతో లోపలి రంగు వేసి ముగించండి.

రంగు చిమ్మడం

ఒత్తిడి 12-15 పీఎస్‌ఐ, దూరం 8-10 సెం.మీ., రంగు పాలలా పలచగా. మొదటి పూత దాదాపు పొడిగా, ఇంకా అద్దం కనబడేంత పలచగా పడాలి. అయిదు నిమిషాలు ఆగి రెండోది. ఇలా ఒక్కో రంగుకు మూడు నాలుగు పలచటి పొరలు. ఎయిర్‌బ్రష్‌ను ఉపరితలానికి నిలువుగా పట్టండి. వాలుగా పట్టి టేపు అంచుకు ఎదురుగా చిమ్మితే గాలి రంగును టేపు కిందికి తోస్తుంది. కెనోపీకి రెండు పక్కలు, నెత్తి, ముందూ వెనకా ఉంటాయి కాబట్టి దాన్ని పుల్లకు బిగించి తిప్పుకుంటూ వేయాలి.

లాకర్ రంగులు, లాకర్ ప్రైమర్ వాడొచ్చు, కానీ తడిగా ముద్దగా పడితే వాటి ద్రావకం స్టైరీన్‌ను కొరికి అద్దంలో సాలెగూడు లాంటి సన్న పగుళ్లు తెస్తుంది. స్ప్రే డబ్బాతో నేరుగా వేయడం ఈ కారణంగానే ప్రమాదం. డబ్బాలోని రంగును చిన్న గిన్నెలోకి చిమ్ముకుని, గ్యాస్ పోయాక, ఎయిర్‌బ్రష్‌తో వేయండి. ఎయిర్‌బ్రష్ లేకుండా కుంచెతో వేసేవారు కూడా మాస్క్ చేయాలి. పలచని రంగుతో, టేపు మీది నుంచి ఫ్రేము వైపుకే కుంచె లాగుతూ మూడు పొరలు. ఎదురు దిశలో లాగితే టేపు కిందికి రంగు పోతుంది.

నేరుగా ఉండే ఫ్రేములకు మాస్కింగ్ లేకుండా మరో దారి ఉంది. ఖాళీ డెకాల్ కాగితం (నీళ్లలో నానబెట్టి అతికించే స్టిక్కర్ల కాగితం) మీద లోపలి రంగు, దాని మీద బయటి రంగు, చివర పారదర్శక పూత వేసి, ఆరాక స్కేలు పెట్టి ఫ్రేము వెడల్పున పట్టీలు కోసి, నీళ్లలో నానబెట్టి అతికించడం. కిట్ అద్దంలో ఫ్రేము గీతలే లేనప్పుడు, వాక్యూఫార్మ్ కెనోపీలకు (వేడిచేసిన పలచటి ప్లాస్టిక్ రేకును అచ్చు మీదికి పీల్చి చేసినవి) ఇది ఎంతో ఉపయోగం.

టేపు ఎప్పుడు, ఎలా తీయాలి

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ అయ్యాకే తీయాలి. అద్దం మీద మ్యాట్ పడితే మంచు పట్టిన కిటికీలా అయిపోతుంది. వాష్ (గీతలు, సందుల్లోకి పారించే పలచని ముదురు రంగు), మరకలు లాంటి పనులు కూడా టేపు ఉండగానే పూర్తి చేయండి, ఎందుకంటే వాష్‌లోని పలచని ద్రావకం అద్దం, ఫ్రేము సందుల్లోకి పాకితే తీయడం కష్టం. అలాగని నెలల తరబడి టేపును వదిలేయకండి. జిగురు గట్టిపడుతుంది, రంగు పెళుసెక్కుతుంది, తీసేటప్పుడు అంచులు చిట్లుతాయి. వార్నిష్ తాకితే అంటుకోనంత ఆరాక, అదే రోజో మర్నాడో తీసేయడం ఉత్తమం.

మొదట కొత్త బ్లేడు మొనతో ఫ్రేము అంచు వెంట, బరువు లేకుండా, రంగు పొరను మాత్రమే తెంపేలా ఒక్క గీత. తర్వాత టూత్‌పిక్‌తో టేపు లేపి, ట్వీజర్‌తో పట్టి, పైకి లాగకుండా తన మీదికి తాను మడుచుకునేలా వెనక్కు లాగండి. ఫ్రేము నుంచి పలక లోపలివైపుకు లాగాలి. ఫ్రేము మీదికి లాగితే రంగు కూడా వస్తుంది. ఫ్రేము రంగు పెచ్చులుగా వచ్చిందంటే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: కడగకపోవడం, ప్రైమర్ లేకపోవడం, పూత మరీ మందం కావడం.

కారిన రంగు, ఇతర దోషాలు

టేపు తీశాక అద్దం మీదికి పాకిన రంగును అదే రోజు సరిచేయండి, ఆరేకొద్దీ మొండికేస్తుంది. టూత్‌పిక్ చివరను ఉలిలా చదునుగా చెక్కి, పొడిగానే ఫ్రేము అంచు వెంట గీకండి. కలప రంగును తీస్తుంది, స్టైరీన్‌ను గీయదు. అలా పోకపోతే ఆ మొనను యాక్రిలిక్ రంగైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఎనామెల్ అయితే తెల్ల స్పిరిట్‌తో తేమగా మాత్రమే తడిపి గీకండి. ముంచి పూత వేసిన అద్దమైతే ఆల్కహాల్ ఆ పూతనూ మెత్తబరుస్తుంది, ఇంకా తక్కువ వాడండి. లాకర్ థిన్నర్ మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

బ్లేడు గీత పడితే ఆ పలక చుట్టూ ఫ్రేములను టేపుతో కాపాడి, 2000 నంబరు నుంచి మొదలుపెట్టి పాలిష్ కాంపౌండ్ దాకా రండి. లోతు గీతలకే 1000 నుంచి మొదలు. టేపు జిగురు మిగిలితే తెల్ల స్పిరిట్, తర్వాత సబ్బు నీళ్లు.

రంగు అద్దాలు, సీలెంట్ గీతలు

ప్రౌలర్ జెట్ కెనోపీ బంగారు ఛాయలో ఉంటుంది, కొన్ని ఎఫ్-16లది కూడా. మెరుపు క్లియర్‌లో క్లియర్ ఎల్లో కొద్దిగా, స్మోక్ (పారదర్శక పొగ రంగు) చుక్క కలిపి, అద్దం లోపలి ముఖం మీద ఎయిర్‌బ్రష్‌తో చాలా పలచటి పొరలుగా వేయండి. లోపల వేస్తే బయట తుడిచినా చెరగదు. రంగు కలిపిన ద్రవంలో ముంచితే కింది అంచు దగ్గర చిక్కబడి గీతలా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద పెట్టి చూసుకుంటూ, అనుకున్న దానికన్నా ఒక పొర తక్కువగానే ఆపండి. కాక్‌పిట్ చీకటి మీద పెట్టాక అది ముదురుగా కనబడుతుంది. ఈ రంగు మాస్కింగ్‌కు ముందే వేసి, బాగా ఆరనివ్వాలి.

ఆధునిక జెట్‌లలో అద్దానికి, ఫ్రేముకు మధ్య సీలెంట్ గీత వేరే రంగులో ఉంటుంది. ముందు అద్దాన్ని సీలెంట్ లోపలి అంచు దాకా మాస్క్ చేసి, సీలెంట్ రంగు చిమ్మండి. ఆరాక ఆ అంచు పక్కనే 0.4-0.5 మి.మీ. పట్టీ వేసి, అప్పుడు ఫ్రేము పూతలకు వెళ్లండి. ఆ పట్టీ తీయగానే సీలెంట్ సన్నగా తేలుతుంది.

అతికించడం

సూపర్ గ్లూ ఆవిరి గాలిలోని తేమతో కలిసి గట్టిపడి అద్దం మీద తెల్లటి మసకలా కూర్చుంటుంది, వేలిముద్రలున్న చోట మరీ ఎక్కువగా. కెనోపీకి అది వాడకపోవడమే కాదు, కాక్‌పిట్‌లో ఏ భాగాన్నైనా దానితో అతికించి ఉంటే కెనోపీ మూసే ముందు ఒకటి రెండు రోజులు తెరిచే ఉంచండి. ద్రావకంతో కరిగించి అతికే ప్లాస్టిక్ సిమెంట్ సందులోంచి కేశనాళికలా పాకి అద్దాన్ని మచ్చ చేస్తుంది. తెల్ల పీవీఏ జిగురు, మైక్రో క్రిస్టల్ క్లియర్, కెనోపీ గ్లూ పేరిట అమ్మేవి, వీటిలో ఏదైనా సరిపోతుంది.

మూసే ముందు బ్లోయర్‌తో కాక్‌పిట్, అద్దం లోపలి ముఖం రెండూ ఊదండి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి ఇంకా దుమ్ము లాక్కుంటుంది. మెత్తటి కుంచె మంచిది. టూత్‌పిక్‌తో కింది అంచుకు సన్నని జిగురు తీగ పెట్టి, కెనోపీ కూర్చోబెట్టి, టేపుతో బిగించి 24 గంటలు వదలండి. పైకి ఉబికిన జిగురును తడి ఇయర్ బడ్‌తో వెంటనే తుడవాలి. సందు ఇంకా కనబడితే నీటిలో కరిగే యాక్రిలిక్ పుట్టీని సందులో నింపి, పైన ఉన్నదాన్ని తడి బడ్‌తో ఎత్తేయండి. అరగదీయాల్సిన పని ఉండదు. ఆ గీత మీద విమానం రంగు సన్న కుంచెతో, చివర ఒక చుక్క మ్యాట్ వార్నిష్ కూడా కుంచెతోనే, ఎందుకంటే టేపు తీసేసిన అద్దం దగ్గర ఇక ఎయిర్‌బ్రష్ తేకూడదు.